టూడీ డ్రాయింగ్ త్రీడీ క్యాడ్‌లోకి సరిగ్గా రావడం లేదా? తరచుగా అడిగే ప్రశ్నలు

టూడీ డ్రాయింగ్ ఫైల్‌ను త్రీడీ క్యాడ్ (కంప్యూటర్‌లో డిజైన్ చేసే సాఫ్ట్‌వేర్) లోకి ఇంపోర్ట్ చేసి, ప్రొఫైల్ (వస్తువు అంచు గీతల ఆకారం) మీద క్లిక్ చేసి, దానికి మందం ఇచ్చే ఎక్స్‌ట్రూడ్ నొక్కితే ఏమీ జరగదు. ఎక్కడ తప్పుందో ఎర్రర్ మెసేజ్ కూడా చెప్పదు. ఈ పని చేసేవాళ్లందరికీ ఆ విసుగు తెలిసిందే. అలాంటప్పుడు మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలు ఇక్కడ ఉన్నాయి. ఉదాహరణకు ఆటోక్యాడ్, సాలిడ్‌వర్క్స్, ఇన్వెంటర్, ఫ్యూజన్, ఫ్రీక్యాడ్, రైనో పేర్లు వాడాను. మీది వేరే సాఫ్ట్‌వేర్ అయినా జబ్బులు ఇవే, మందు దొరికే మెనూ మాత్రం మారుతుంది.

ఆటోక్యాడ్‌లో చక్కగా ఉన్న డ్రాయింగ్ త్రీడీలోకి రాగానే ఎందుకు పాడవుతుంది?

చాలాసార్లు పాడవదు. అందులో ముందే ఉన్న లోపం అప్పుడు బయటపడుతుంది. టూడీ డ్రాయింగ్‌ను మనిషి చూసి అర్థం చేసుకోవడానికి గీస్తారు. మూల దగ్గర రెండు గీతలు కలిసినట్టు కనిపిస్తే ప్రింట్‌కు సరిపోతుంది. మధ్యలో 0.02 మిల్లీమీటర్ల ఖాళీ ఉన్నా ఎవరి కంటికీ ఆనదు. ఒక గీత మీద ఇంకో గీత పడి ఉన్నా కాగితం మీద కనిపించేది ఒకటే. కొలత కాస్త అటూ ఇటూ అయితే గీతను వదిలేసి అంకె మాత్రం మార్చి పంపినా చదివేవాళ్లకు పని జరిగిపోతుంది.

త్రీడీ సాఫ్ట్‌వేర్ అలా సర్దుకుపోదు. దానికి మొదలైన చోటికే తిరిగొచ్చే గొలుసు లాంటి ప్రొఫైల్ కావాలి. ఒక్క లంకె ఊడినా ఏది లోపలో, ఏది బయటో దానికి తేలదు. లోపలేదో తెలియనప్పుడు సాలిడ్‌ను, అంటే ఘన ఆకారాన్ని, అది తయారు చేయలేకపోతుంది. అందుకే ఎవరడిగినా నేను మొదట చెప్పే మాట, బాగు చేయాల్సింది టూడీ దగ్గర, ఇంపోర్ట్‌కు ముందు. కింద చెప్పిన చాలా సమస్యలకు మందు అక్కడే ఉంది.

డ్రాయింగ్ పంపేవాళ్లను డీడబ్ల్యూజీ (.dwg) ఫైల్ అడగాలా, డీఎక్స్‌ఎఫ్ (.dxf) అడగాలా?

వీలైతే రెండూ అడగండి. డీడబ్ల్యూజీ ఆటోడెస్క్ సొంత బైనరీ ఫార్మాట్. డీఎక్స్‌ఎఫ్‌ను 1982లో ఆటోక్యాడ్ మొదటి వెర్షన్‌తో పాటే, వేరే ప్రోగ్రాములతో డ్రాయింగులు పంచుకోవడానికి తెచ్చారు. మామూలుగా అది టెక్స్ట్ ఫైల్, నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదువుకోవచ్చు. బైనరీ డీఎక్స్‌ఎఫ్ కూడా ఉంది కానీ అరుదుగా కనిపిస్తుంది.

లేజర్ కటింగ్, షీట్ మెటల్ లాంటి పనుల్లో కావాల్సింది ప్రొఫైల్ ఒక్కటే కాబట్టి డీఎక్స్‌ఎఫ్ చాలు. లేయర్లు (గీతలను విడదీసి పెట్టే పొరలు), బ్లాకులు (ఒకే వస్తువుగా కట్టిన గీతల గుంపులు), లేఅవుట్లు (ప్రింట్ షీట్లు) అన్నీ కావాలంటే డీడబ్ల్యూజీ తీసుకోండి. ఫ్రీక్యాడ్ వాడేవాళ్లకు మాత్రం డీడబ్ల్యూజీ నేరుగా తెరుచుకోదు. ఓడీఏ ఫైల్ కన్వర్టర్ లాంటిది ఒకటి విడిగా ఇన్‌స్టాల్ చేసుకుని, దాని దారి ప్రిఫరెన్సెస్‌లో చూపించాలి.

"ఈ ఫైల్ వెర్షన్ సపోర్ట్ చేయదు" అంటోంది. ఏ వెర్షనో ఎలా తెలుస్తుంది?

డీడబ్ల్యూజీని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. అంతా పిచ్చి అక్షరాలే కనిపిస్తాయి కానీ మొదటి ఆరు అక్షరాలు చదవడానికి వస్తాయి. ఏసీ1015 అని ఉంటే ఆటోక్యాడ్ 2000 ఫార్మాట్. ఏసీ1018 అంటే 2004, ఏసీ1021 అంటే 2007, ఏసీ1024 అంటే 2010, ఏసీ1027 అంటే 2013, ఏసీ1032 అంటే 2018. డీఎక్స్‌ఎఫ్‌లో ఇదే కోడ్ పైన హెడర్ భాగంలో ఉంటుంది. చూసి, పంపినవాళ్లతో ఒక మెట్టు పాత వెర్షన్‌లో సేవ్ చేయించుకోండి.

పాతదైతే మంచిదని నేరుగా ఆర్12 అనే బాగా పాత ఆటోక్యాడ్ వెర్షన్ దాకా దిగిపోకండి. ఆర్12లో ఎలిప్స్ (దీర్ఘవృత్తం), స్ప్లైన్ (స్వేచ్ఛగా వంగే గీత) అనేవి లేవు. వాటిని పాలీలైన్లుగా, అంటే చిన్న చిన్న గీతలు కలిసిన వరుసలుగా మార్చేస్తుంది. అందంగా వంగిన అంచు వందల ముక్కలై వస్తుంది. 2000 లేదా 2004 ఫార్మాట్ దాదాపు అన్ని సాఫ్ట్‌వేర్లకూ అర్థమవుతుంది, వంపులూ నిలబడతాయి. నేను ముందు అదే అడుగుతాను.

ఇంపోర్ట్ అయిపోయిందంటోంది, కానీ స్క్రీన్ మీద ఏమీ లేదు.

ముందు జూమ్ ఫిట్ కొట్టండి. డ్రాయింగ్ ఆరిజిన్‌కు (0,0 బిందువుకు) ఎంతో దూరంలో ఉండి ఉండొచ్చు, లేదా యూనిట్లు తప్పి చీమంత అయిపోయి ఉండొచ్చు.

అప్పటికీ లేకపోతే ఆటోక్యాడ్‌లో మూడు చోట్ల చూడాలి. అసలు గీతలు మోడల్ స్పేస్‌లో (వస్తువును గీసే అసలు చోట) ఉన్నాయా? కొందరు లేఅవుట్ షీట్ మీదే గీసేస్తారు, చాలా ఇంపోర్టర్లు మోడల్ స్పేస్‌నే చదువుతాయి. తర్వాత ఎక్స్‌రెఫ్‌లు. డ్రాయింగ్‌లో కనిపించేదంతా వేరే ఫైల్ నుంచి తగిలించినదైతే, మీకొచ్చిన ఫైల్‌లో ఉండేది ఉత్త చిరునామా. పంపేముందు బైండ్ చేయమనాలి, అంటే ఆ గీతలను ఈ ఫైల్‌లోనే కలిపేయమనాలి. మూడోది ప్రాక్సీ ఆబ్జెక్టులు. ఆటోక్యాడ్ ఆర్కిటెక్చర్ లాంటి ప్రోగ్రాముల్లో గీసిన గోడలు, తలుపులు మామూలు గీతలు కావు, వేరే సాఫ్ట్‌వేర్ వాటిని పట్టించుకోదు. అలాంటి ఫైల్‌ను ఎక్స్‌పోర్ట్ టు ఆటోక్యాడ్ అనే కమాండ్‌తో మామూలు గీతలుగా మార్చి పంపించుకోవాలి.

ఫ్రీజ్ చేసిన (కనిపించకుండా ఆపేసిన) లేయర్లను కూడా ఒకసారి చూడండి. చిన్న విషయమే, కానీ గంటలు తినేస్తుంది.

సైజు పూర్తిగా తప్పు వచ్చింది. ఎంతకు స్కేల్ చేయాలి?

ఊహించి స్కేల్ చేయకండి. మీకు కచ్చితంగా తెలిసిన ఒక కొలతను త్రీడీలో కొలిచి, ఉండాల్సిన దానితో భాగించండి. ఆ నిష్పత్తే కారణం చెబుతుంది. 25.4 రెట్లు పెద్దదో చిన్నదో అయితే అంగుళాలు, మిల్లీమీటర్ల గొడవ. 304.8 వస్తే అడుగులు. 10 వస్తే సెంటీమీటర్లు. 1000 వస్తే మీటర్లు. ఇవేవీ కాకుండా 2, 5, 20, 50 లాంటి అంకె వస్తే అది యూనిట్ సమస్య కాదు. గీసినవాళ్లు 1:1లో గీయకుండా షీట్‌కు తగ్గట్టు చిన్నదిగానో పెద్దదిగానో గీశారు. 1.37 లాంటి వింత అంకె వస్తే అది పీడీఎఫ్ నుంచో, స్కాన్ నుంచో ట్రేస్ చేసిన డ్రాయింగ్ అయి ఉంటుంది. దాన్ని అనుమానంతోనే చూడండి.

ఇదెందుకు వస్తుందంటే, డీఎక్స్‌ఎఫ్‌లో కోఆర్డినేట్లు ఉత్త అంకెలు. 50 అంటే 50, ఏమిటి 50 అన్నది గీతలో ఉండదు. యూనిట్ ఏమిటో హెడర్‌లో ఒక్కచోట రాసి ఉంటుంది. ఫైల్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిచి, డాలర్ గుర్తుతో మొదలయ్యే ఇన్స్‌యూనిట్స్ అనే మాట కోసం వెతకండి. దాని కింద ముందు 70 అనే కోడ్, ఆ కింది లైన్‌లో అసలు విలువ కనిపిస్తాయి. 1 అంటే అంగుళాలు, 2 అడుగులు, 4 మిల్లీమీటర్లు, 5 సెంటీమీటర్లు, 6 మీటర్లు. 0 అంటే యూనిట్ చెప్పలేదని. చిక్కంతా ఈ సున్నా దగ్గరే. అప్పుడు ఒక్కో సాఫ్ట్‌వేర్ తనకు తోచిన యూనిట్ అనుకుంటుంది. ఆర్12 ఫైళ్లలోనైతే ఈ మాట అసలు ఉండదు.

సాలిడ్‌వర్క్స్ ఇంపోర్ట్ విజార్డ్‌లో డేటా యూనిట్ ఎంచుకునే చోటు ఉంది. తొందరలో నెక్స్ట్, నెక్స్ట్ కొట్టేసేవాళ్లు దాన్నే దాటేస్తారు. అక్కడ ఆగి చూడండి.

డైమెన్షన్‌లో 450 అని ఉంది, గీతను కొలిస్తే 445 వస్తోంది. ఏది నమ్మాలి?

పంపినవాళ్లను అడిగేదాకా ఏదీ నమ్మకండి. ఈ పేజీలో అన్నిటికన్నా నష్టం తెచ్చేది ఇదే.

ఆటోక్యాడ్‌లో డైమెన్షన్ అంకెను చేత్తో మార్చవచ్చు. గీత 445 ఉన్నా అంకె 450 అని చూపించవచ్చు. రివిజన్ వచ్చినప్పుడు గీతలు జరపడం శ్రమ అనిపించి అంకె మాత్రమే మార్చేవాళ్లు ఉన్నారు. కాగితం చూసి పనిచేసే ఫిట్టర్ అంకెను చదువుతాడు, కాబట్టి అతనికి తేడా రాదు. ఇంపోర్ట్ చేసిన సాఫ్ట్‌వేర్ అంకెను చదవదు, గీతను తీసుకుంటుంది.

నాకు ఒకసారి అలాగే జరిగింది. ఒక కవర్ ప్లేట్ డ్రాయింగ్ వచ్చింది. డీఎక్స్‌ఎఫ్ ఇంపోర్ట్ చేశాను, ప్రొఫైల్ ఒక్క గ్యాప్ లేకుండా మూసుకుంది, హాయిగా మోడల్ చేసి కటింగ్‌కు పంపాను. ప్లేట్లు వచ్చాక బిగించబోతే బోల్టు రంధ్రాలు ఒక వరుస మొత్తం 5 మిల్లీమీటర్లు పక్కకు ఉన్నాయి. డ్రాయింగ్ తెరిచి ఆ డైమెన్షన్ మీద క్లిక్ చేస్తే, ప్రాపర్టీస్‌లో టెక్స్ట్ ఓవర్‌రైడ్ అన్న గడిలో 450, మెజర్‌మెంట్ అన్న గడిలో 445. ఆ రెండు అంకెలు పక్కపక్కన కనిపించినప్పుడు గుండె జారిపోయింది. ఇంపోర్ట్ శుభ్రంగా జరగడం వేరు, డ్రాయింగ్ సరైనది కావడం వేరని ఆ రోజు అర్థమైంది.

అప్పటినుంచి ప్రతి ఫైల్‌లోనూ ముఖ్యమైన కొలతలు ఐదారైనా ఎంచుకుని, అంకె ఒకవైపు, కొలిచింది ఒకవైపు పెట్టి సరిచూస్తాను. మొత్తం పొడవు, మొత్తం వెడల్పు, రంధ్రాల మధ్య దూరం, రంధ్రం వ్యాసం తప్పకుండా చూడాల్సినవి. తేడా కనిపిస్తే ఫోన్ చేసి అడుగుతాను.

ప్రొఫైల్ మూసుకున్నట్టే కనిపిస్తోంది, అయినా ఎక్స్‌ట్రూడ్ కావడం లేదు.

ఎక్కువమంది అడిగేది ఇదే. కారణాలు నాలుగైదు ఉంటాయి, అన్నీ ఒకే ఫైల్‌లో ఉండటం కూడా మామూలే.

మొదటిది గ్యాప్. రెండు గీతల చివరలు ఒకే బిందువు మీద లేవు. ఒక ప్లేట్ మూల గుండ్రంగా ఉందనుకోండి. అడ్డగీత చివర ఎక్స్ విలువ 95.000. అక్కడినుంచి మొదలవ్వాల్సిన 5 మిల్లీమీటర్ల రేడియస్ ఆర్క్ 95.003 దగ్గర మొదలైంది. స్క్రీన్ మీద ఎంత జూమ్ చేసినా చాలాసేపటి వరకు కలిసే కనిపిస్తాయి. కానీ గొలుసు అక్కడ తెగింది. ఆబ్జెక్ట్ స్నాప్ (గీత చివరను సరైన బిందువుకు పట్టించే సదుపాయం) ఆపేసి గీసినా, ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి పోతూ దశాంశాలు కత్తిరించుకుపోయినా ఇలా అవుతుంది.

రెండోది దీనికి వ్యతిరేకం. గీత మూల దాటి అర మిల్లీమీటర్ ముందుకు పోయింది. మూడోది కొమ్మ. ప్రొఫైల్ మధ్యలో ఎక్కడో ఒక గీత వచ్చి టీ ఆకారంలో తగులుతుంది. సెంటర్‌లైనో, బెండ్ లైనో (షీట్ మడిచే చోటి గీత) అదే లేయర్‌లో ఉండిపోయినప్పుడు వస్తుంది. నాలుగోది ఒకదాని మీద ఒకటి పడిన గీతలు. ఐదోది ప్రొఫైల్ తనను తానే దాటుకోవడం. ఆఫ్‌సెట్ చేసిన స్ప్లైన్లలో ఎనిమిది అంకె లాంటి చిన్న ముడి పడుతుంది, పిన్ను మొన అంత ఉంటుంది.

వెతకడానికి నాకు బాగా పనికొచ్చే పద్ధతి ఆటోక్యాడ్‌లోని హ్యాచ్ కమాండ్, అంటే మూసిన ఆకారాన్ని గీతలతో నింపేది. ప్రొఫైల్ లోపల క్లిక్ చేయండి. హద్దు మూసుకోకపోతే ఎర్రర్ చూపించి, ఎక్కడ తెగిందో అక్కడ ఎర్రటి సున్నాలు చుట్టి చూపిస్తుంది. హ్యాచ్ గ్యాప్ టాలరెన్స్ సున్నాలో ఉండాలి, లేకపోతే చిన్న గ్యాప్‌లను అదే మింగేస్తుంది. గ్యాప్ దొరికాక ఫిల్లెట్‌ను (మూలను గుండ్రం చేసే కమాండ్‌ను) సున్నా రేడియస్‌తో వాడితే మూలలు కలుస్తాయి, దాటిపోయిన తోకలు కూడా తెగిపోతాయి. గ్యాప్‌లు చాలా ఉంటే పీఎడిట్‌లో మల్టిపుల్, తర్వాత జాయిన్, ఫజ్ దూరం (ఎంత గ్యాప్ వరకు కలపాలన్నది) 0.01 ఇచ్చి మొదలుపెట్టండి.

గీతలు త్రీడీలోకి స్కెచ్‌గా (సాలిడ్‌కు ఆధారమయ్యే టూడీ గీతలుగా) వచ్చేశాక అయితే సాలిడ్‌వర్క్స్‌లో చెక్ స్కెచ్ ఫర్ ఫీచర్, రిపేర్ స్కెచ్ ఉన్నాయి. ఇన్వెంటర్‌లో స్కెచ్ డాక్టర్. ఫ్రీక్యాడ్‌లో వ్యాలిడేట్ స్కెచ్, అది కలవాల్సిన చివరలను తనే వెతికి కలుపుతుంది. రైనోలో షోఎండ్స్ తెరిచిన చివరలను చూపిస్తుంది. ఫ్యూజన్, ఆన్‌షేప్‌లలో మూసుకున్న భాగానికి లేత రంగు నిండుతుంది. రంగు లేదంటే ఎక్కడో తెగినట్టే.

ఏ టూల్‌కూ దొరకకపోతే ప్రొఫైల్‌ను మధ్యలో ఒక తాత్కాలిక గీతతో రెండుగా విడగొట్టండి. ఏ సగం మూసుకోలేదో చూసి, దాన్ని మళ్లీ సగం చేయండి. ఐదారు సార్లలో తప్పు ఉన్న మూల చేతికి చిక్కుతుంది. మొరటు పద్ధతే కానీ ఇప్పటివరకు నన్ను మోసం చేయలేదు.

గ్యాప్ టాలరెన్స్ పెద్దది ఇచ్చేస్తే అన్నీ ఒకేసారి కలిసిపోవా?

కలిసిపోతాయి, కలవకూడనివి కూడా. టాలరెన్స్ 0.5 ఇచ్చారనుకోండి. 0.4 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న రిలీఫ్ కట్ (సన్నని కోత) రెండు అంచులూ అతుక్కుపోతాయి, చిన్న చాంఫర్లు (ఏటవాలుగా కోసిన మూలలు) మాయమవుతాయి. పైగా ఏం మారిందో సాఫ్ట్‌వేర్ చెప్పదు. మీ డ్రాయింగ్‌లో అన్నిటికన్నా చిన్న గీత ఎంతుందో చూసి, అందులో పదో వంతు దాటకుండా ఇవ్వండి. మామూలు మెషిన్ పార్టులకు 0.01తో మొదలుపెట్టి, తప్పదంటే 0.05 వరకు వెళ్తాను. సాలిడ్‌వర్క్స్ విజార్డ్‌లో దగ్గరి బిందువులను కలిపేసే గడికీ ఇదే లెక్క.

ఒకే గీత రెండుసార్లు ఉంటే ఎలా తెలుస్తుంది?

గీతను డిలీట్ చేయండి. అయినా అక్కడ గీత కనిపిస్తే రెండోది ఉన్నట్టు. అన్డూ కొట్టి, ఆటోక్యాడ్‌లో ఓవర్‌కిల్, రైనోలో సెల్‌డప్ వాడండి. కటింగ్ మెషిన్‌కు పోయే ఫైల్‌లో ఇది తప్పనిసరి, లేకపోతే మెషిన్ ఒకే దారిలో రెండుసార్లు కోస్తుంది.

పైనుంచి చూస్తే బాగుంది, తిప్పి చూస్తే గీతలు ఎత్తుపల్లాల్లో ఉన్నాయి.

జెడ్ విలువల, అంటే ఎత్తుల సమస్య ఇది. టూడీ డ్రాయింగ్ అంటే అన్ని గీతలూ జెడ్ సున్నాలో ఉంటాయని మనం అనుకుంటాం. సర్వే ఫైళ్లలో ఒక్కో బిందువుకు భూమి ఎత్తు ఉంటుంది. త్రీడీ మోడల్ మీద స్నాప్ చేసి గీసిన గీతల్లో ఒక చివర 0, ఇంకో చివర 12 ఉండొచ్చు. పైనుంచి రెండూ ఒకేచోట కలిసినట్టు కనిపిస్తాయి, అసలైతే ఒకటి నేల మీద, ఒకటి మేడ మీద.

అసలు తలనొప్పి చిన్న విలువలతో. జెడ్ 0.00004 లాంటిది ఉంటే తిప్పి చూసినా కనిపించదు, కానీ గీతలన్నీ ఒకే ప్లేన్‌లో (తలంలో) లేవని సాఫ్ట్‌వేర్ మొండికేస్తుంది. ఆటోక్యాడ్‌లో అన్నీ సెలెక్ట్ చేసి ఫ్లాటెన్ వాడండి. అది మొరాయిస్తే ప్రాపర్టీస్‌లో లైన్లకు స్టార్ట్ జెడ్, ఎండ్ జెడ్, పాలీలైన్లకు ఎలివేషన్ సున్నా చేయండి. రైనోలో సెట్‌పాయింట్‌తో జెడ్ మాత్రమే టిక్ చేసి సున్నాకు దించవచ్చు. ఫ్లాటెన్ తర్వాత ఓవర్‌కిల్ మళ్లీ ఒకసారి వేయండి. ఎత్తులు పోయాక కొత్తగా ఒకదాని మీద ఒకటి పడే గీతలు ఉంటాయి.

లైన్లు సరిగ్గా వచ్చాయి, ఆర్క్‌లు మాత్రం అద్దంలో చూసినట్టు అటువైపు వెళ్లిపోయాయి. ఇదేం వింత?

మొదటిసారి చూసినప్పుడు నేనూ ఫైల్ కరప్ట్ అయిందనే అనుకున్నాను. కాదు. ఆర్క్, సర్కిల్, పాలీలైన్ లాంటివాటికి అవి ఏ ప్లేన్ మీద ఉన్నాయో, ఏ దిక్కుకు చూస్తున్నాయో డీఎక్స్‌ఎఫ్‌లో విడిగా రాసి ఉంటుంది. 210, 220, 230 అనే కోడ్‌లలో ఆ దిశ ఉంటుంది. మామూలుగా అది 0, 0, 1, అంటే పైకి. డ్రాయింగ్‌ను ఎప్పుడో త్రీడీలో తిరగేసి ఉంటే 230 దగ్గర -1 పడుతుంది. అప్పుడు ఆ ఆర్క్ సెంటర్ ఎక్స్ విలువను గుర్తు మార్చి చదవాలి. ఆ పని చేయని ఇంపోర్టర్ ఆర్క్‌ను అద్దంలో పెట్టేస్తుంది. మామూలు లైన్ల చివరలు ఈ దిశతో పనిలేకుండా నేరుగా రాస్తారు కాబట్టి అవి చక్కగా కూర్చుంటాయి.

ఆటోక్యాడ్‌లో ఆ ఆర్క్‌ను లిస్ట్ కమాండ్‌తో చూస్తే ఎక్స్‌ట్రూజన్ దిశ మైనస్‌లో కనిపిస్తుంది. ఫ్లాటెన్ చాలావరకు సరిచేస్తుంది. ఒకటి రెండే అయితే చెరిపి మళ్లీ గీయడమే త్వరగా అవుతుంది.

ఇలాంటిదే ఇంకొకటి ఉంది. స్లాట్ చివరలు గుండ్రంగా ఉండాల్సింది తిన్నగా వచ్చాయంటే, పాలీలైన్‌లోని వంపును చెప్పే బల్జ్ విలువను ఇంపోర్టర్ వదిలేసింది. అర్ధవృత్తానికి బల్జ్ 1, తిన్నని గీతకు 0. పంపేముందు పాలీలైన్లను ఎక్స్‌ప్లోడ్ చేస్తే అవి మామూలు లైన్లు, ఆర్క్‌లుగా విడిపోయి సరిగ్గా వస్తాయి.

నా దగ్గర పీడీఎఫ్ మాత్రమే ఉంది.

ముందు బాగా జూమ్ చేసి చూడండి. గీతలు పదునుగానే ఉంటే వెక్టర్ పీడీఎఫ్, చుక్కలు చుక్కలుగా విడిపోతే స్కాన్ చేసిన బొమ్మ.

వెక్టర్ అయితే ఆటోక్యాడ్ 2017 నుంచి ఉన్న పీడీఎఫ్ ఇంపోర్ట్‌తో గీతలు తీయవచ్చు. ఇంక్‌స్కేప్‌లో తెరిచి డీఎక్స్‌ఎఫ్‌గా సేవ్ చేసుకోవచ్చు. కానీ పీడీఎఫ్‌లో సర్కిల్ అనే వస్తువు లేదు. నాలుగు వంపు ముక్కలో, బోలెడు చిన్న గీతలో కలిసి సర్కిల్‌లా కనిపిస్తాయి. డ్యాష్ లైన్లు ఒక్కో డ్యాష్ ఒక్కో గీతగా రావచ్చు, అక్షరాలు ఉత్త ఆకారాలుగా రావచ్చు. స్కేల్ కూడా షీట్ సైజుదే వస్తుంది, అసలు సైజు కాదు. కాబట్టి రంధ్రాలన్నీ చెరిపి అసలైన సర్కిల్స్‌గా మళ్లీ గీయండి. 63 ముక్కల వంపుకు హోల్ విజార్డ్ (రంధ్రాలు చేసే టూల్) పనిచేయదు, థ్రెడ్ (మర) పడదు, అసెంబ్లీలో కాన్సెంట్రిక్ మేట్ (రెండు పార్టుల కేంద్రాలను కలిపే జోడింపు) కూడా తగలదు.

స్కాన్ అయితే ఆటో ట్రేస్ జోలికి పోవద్దు. బొమ్మను స్కెచ్ వెనక పెట్టుకుని, రాసి ఉన్న అంకెలతో కొత్తగా గీయండి.

ఫైల్ తెరవగానే కంప్యూటర్ నత్తనడక నడుస్తోంది.

స్కెచ్‌లో ఒక్కో గీతకూ సాల్వర్ (గీతల మధ్య సంబంధాలను లెక్కగట్టే భాగం) లెక్క చేయాలి. టూడీ ప్రోగ్రామ్ లక్ష గీతలను తేలిగ్గా మోస్తుంది. త్రీడీ స్కెచ్ కొన్ని వేల గీతలకే ఆయాసపడుతుంది. హ్యాచ్‌లు, టెక్స్ట్, టైటిల్ బ్లాక్, డైమెన్షన్లు, ఫర్నిచర్ బ్లాకులు ఏవీ సాలిడ్ చేయడానికి పనికిరావు. కావాల్సిన గీతలను మాత్రమే ఎంచుకుని డబ్ల్యూబ్లాక్‌తో కొత్త ఫైల్‌గా రాయండి. పర్జ్ (వాడనివి తీసేసేది), ఆడిట్ (ఫైల్ లోపాలు సరిచేసేది) నడపండి. అప్పుడు ఇంపోర్ట్ చేయండి. ఒక పెద్ద స్కెచ్ కన్నా నాలుగు చిన్న స్కెచ్‌లు మేలు.

తిప్పుతుంటే గీతలు వణుకుతున్నాయి, స్నాప్ సరిగ్గా పట్టడం లేదు.

డ్రాయింగ్ ఆరిజిన్‌కు చాలా దూరంలో ఉంది. సైట్ ప్లాన్లు సర్వే కోఆర్డినేట్లలో ఉన్నప్పుడు ఇది మామూలే. ఉత్తరం వైపు విలువ 19 లక్షల మీటర్లు ఉందనుకోండి. క్యాడ్ లెక్కలు 15, 16 అంకెల వరకు కచ్చితంగా జరుగుతాయి కాబట్టి ఫైల్‌లో తప్పేమీ లేదు. కానీ స్క్రీన్ మీద చూపించే గ్రాఫిక్స్ చాలాచోట్ల సుమారు 7 అంకెల కచ్చితత్వంతోనే నడుస్తాయి. 19 లక్షల దగ్గర ఆ లెక్కలో పక్కపక్కన ఉన్న రెండు విలువల మధ్య దూరం 0.125 మీటర్లు. అంటే 12.5 సెంటీమీటర్ల లోపు ఏ బిందువునైనా అటో ఇటో నెట్టి చూపించక తప్పదు. వణుకు అందుకే.

ఇంపోర్ట్‌కు ముందే డ్రాయింగ్ మొత్తాన్ని ఒక గుర్తుండే మూల ఆధారంగా 0,0కు జరపండి. జరిపిన దూరాన్ని ఫైల్‌లోనే ఒక నోట్‌గా రాసి పెట్టండి. మోడల్‌ను తిరిగి అసలు చోట పెట్టాల్సి వచ్చినప్పుడు ఆ అంకెలు లేకపోతే దారి ఉండదు.

టెక్స్ట్ స్థానంలో ప్రశ్నార్థకాలు, గళ్లు వస్తున్నాయి.

ఆటోక్యాడ్ వాడే ఎస్‌హెచ్‌ఎక్స్ ఫాంట్ మీ దగ్గర లేదు, లేదా ఫైల్‌లో వాడింది పాత కోడ్‌పేజీ (అక్షరాలను అంకెలుగా రాసే, భాషను బట్టి మారే పట్టిక). 2007 ఫార్మాట్ నుంచి డీఎక్స్‌ఎఫ్‌లో అక్షరాలు యూటీఎఫ్-8లో ఉంటాయి, అంతకుముందువి కోడ్‌పేజీ మీద ఆధారపడతాయి. మోడల్‌కు టెక్స్ట్ అక్కర్లేదు కాబట్టి టెన్షన్ పడకండి. చదువుకోవడానికి పక్కన ఒక పీడీఎఫ్ ఉంచుకుంటే చాలు. ప్లేట్ మీద అక్షరాలు చెక్కాల్సి ఉంటే మాత్రం గీతలుగా మార్చి పంపమనండి.

ఎలివేషన్ (ముందు వ్యూ), ప్లాన్ (పై వ్యూ), సైడ్ వ్యూ అన్నీ ఒకే స్కెచ్‌లో వచ్చాయి. వాటిని త్రీడీగా ఎలా నిలబెట్టాలి?

ఒక్కో వ్యూను ఒక్కో ప్లేన్ మీద స్కెచ్‌గా విడగొట్టాలి. సాలిడ్‌వర్క్స్‌లో టూడీ టు త్రీడీ టూల్‌బార్ ఇందుకే ఉంది. వ్యూ గీతలను ఎంచుకుని ఫ్రంట్, టాప్, రైట్ అని చెబితే తిప్పి పెడుతుంది, అలైన్ స్కెచ్‌తో అంచులు కలుపుతారు. మిగతావాటిలో కాపీ చేసి వేరే ప్లేన్ మీద పేస్ట్ చేసుకోవాలి.

ఇక్కడ చేయి ఆపి షీట్ మీద ప్రొజెక్షన్ గుర్తు చూడండి, ఆ కత్తిరించిన శంకువు బొమ్మ. ఫస్ట్ యాంగిల్‌లో పైనుంచి చూసిన వ్యూ కింద ఉంటుంది, కుడివైపు నుంచి చూసినది ఎడమన ఉంటుంది. థర్డ్ యాంగిల్‌లో పైది పైనే, కుడిది కుడివైపే. ఐరోపాలోనూ మన దగ్గరా ఫస్ట్ యాంగిల్ ఎక్కువ, అమెరికా డ్రాయింగుల్లో థర్డ్ యాంగిల్ వాడతారు. దీన్ని తారుమారు చేస్తే మోడల్ ఏ ఎర్రర్ లేకుండా తయారవుతుంది, కానీ ఎడమచేతి పార్ట్ కావాల్సిన చోట కుడిచేతి పార్ట్ వస్తుంది. సాఫ్ట్‌వేర్ ఎప్పటికీ పట్టుకోలేని తప్పు ఇది.

ఇంపోర్ట్ చేసిన స్కెచ్‌లో ఒక గీత లాగితే అంతా చెదిరిపోతోంది.

గీతలు వచ్చాయి కానీ వాటి మధ్య సంబంధాలు రాలేదు. డీఎక్స్‌ఎఫ్ గీతల్లో నిలువు, సమాంతరం, టాంజెంట్ అనే కన్‌స్ట్రెయింట్లు ఉండవు. కొలతలు మారని పార్ట్ అయితే మొత్తం ఎంచుకుని ఫిక్స్ (కదలకుండా కట్టేసేది) పెట్టేయండి. రేపు మార్పులు వస్తాయనుకుంటే ఆటో కన్‌స్ట్రెయిన్ వాడి, తర్వాత ముఖ్యమైన కొలతలు మీరే ఇవ్వండి. ఆటో అనేది 89.98 డిగ్రీల గీతను నిటారుగా మార్చేయగలదు. ఒక్కోసారి మనకు కావాల్సింది అదే, ఒక్కోసారి కాదు. నడిపాక మొత్తం కొలతలు మళ్లీ చూసుకోండి.

బాగు చేయడం మేలా, కొత్తగా గీయడం మేలా?

ఇరవై, ముప్పై గీతల బ్రాకెట్ అయితే కొత్తగా గీయండి. ఇంపోర్ట్ చేసిన స్కెచ్‌ను వెనక లేతగా పెట్టుకుని, దాని మీద కన్‌స్ట్రెయింట్లతో శుభ్రంగా గీసుకోండి. గీసే క్రమంలో ప్రతి కొలతా మీ కళ్లముందు నుంచి పోతుంది కాబట్టి ఓవర్‌రైడ్ తప్పులూ అక్కడే దొరుకుతాయి. జాలీ డిజైన్లు, లోగోలు, గేర్ పళ్లు, సర్వే హద్దుల లాంటివి మళ్లీ గీయలేం, అవి బాగు చేసుకోవాల్సిందే. నా వరకు అరగంట పట్టుకున్నా ప్రొఫైల్ మూసుకోకపోతే ఆపేసి కొత్త స్కెచ్ తెరుస్తాను.

డ్రాయింగ్ పంపేవాళ్లను ఏమని అడగాలి?

నేను పంపే మెసేజ్ దాదాపు ఎప్పుడూ ఇలాగే ఉంటుంది, కావాలంటే వాడుకోండి: "మోడల్ స్పేస్‌లో 1:1 స్కేల్‌లో, మిల్లీమీటర్లలో ఉన్న డీఎక్స్‌ఎఫ్, 2004 ఫార్మాట్‌లో పంపండి. కటింగ్ గీతలు ఒక లేయర్‌లో, బెండ్ లైన్లు, సెంటర్‌లైన్లు వేరే లేయర్లలో ఉంచండి. ఎక్స్‌రెఫ్‌లు బైండ్ చేయండి. చేత్తో మార్చిన డైమెన్షన్లు ఏవైనా ఉంటే చెప్పండి. సరిచూసుకోవడానికి పీడీఎఫ్ కూడా జత చేయండి." నాలుగో వాక్యానికి జవాబు రాకపోతే మళ్లీ అడుగుతాను.

వచ్చిన ఫైల్‌ను అలాగే సరిచేయవచ్చా?

వద్దు. వచ్చింది వచ్చినట్టు ఒక ఫోల్డర్‌లో ఉంచి, కాపీ మీద పనిచేయండి. ఫ్లాటెన్, ఓవర్‌కిల్, జాయిన్ అన్నీ గీతలను మార్చే కమాండ్లే. కొలత మీద ఎప్పుడైనా వాదన వస్తే మీ దగ్గరకు వచ్చినప్పుడు ఆ గీత ఎంతుందో చూపించేది ఆ ముట్టుకోని ఫైల్ ఒక్కటే.